పిచ్చుక ఎవరి దగ్గర ఉండాలి?

ఆ ఆదివారం పొద్దున్నే మామయ్య ఇల్లు అద్దంలా మెరిసిపోతోంది. కోర్టు పంపిన అధికారిణి ఇల్లు చూడటానికి వస్తోంది మరి. మామయ్య తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తూ మేనకోడలి చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు.

"తెల్లవారుజామున ఎక్కడ పడుకుంటావని అడిగితే?"

"మంచం మీద."

"బేకరీ సంగతి?"

"ఎత్తను. అయినా మామయ్యా, పిండి బస్తాల మీద ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది?"

మామయ్య నెత్తి కొట్టుకున్నాడు. నోరు మూతపడని పిల్ల కాబట్టే అందరూ దాన్ని పిచ్చుక అంటారు. అక్కా బావా ప్రమాదంలో పోయినప్పటి నుంచీ అదే అతని లోకం. బేకరీలో అతనిది రొట్టెలు కాల్చే పని. తెల్లారేలోపు పొయ్యి వెలగాలి. పిల్లను ఒంటరిగా వదల్లేక నిద్రలోనే భుజాన వేసుకుని తీసుకెళ్తాడు. అది తెలిసే దాని నానమ్మ, తననే సంరక్షకురాలిగా నియమించమని కోర్టుకెక్కింది.

అధికారిణి వచ్చేసరికి నానమ్మ కూడా గుమ్మంలోనే ఉంది. ఆదివారాలు పిల్లను తీసుకెళ్లడానికి కోర్టు ఆమెకు అనుమతి ఇచ్చింది. ఇద్దరూ కూర్చున్నారో లేదో, పిచ్చుక ఉండబట్టలేకపోయింది.

"మేడమ్, బేకరీలో నాకు బస్తాల మంచం ఉంది!"

మామయ్య మళ్లీ నెత్తి కొట్టుకున్నాడు.

"విన్నారా?" అంది నానమ్మ. "పొయ్యి పక్కన పెరగాల్సిన పిల్లా ఇది?"

"ప్రాణంలా చూసుకుంటున్నాను అత్తయ్యగారూ!"

"ఎవరు కాదన్నారు బాబూ? కానీ దాని నిద్రో? క్లాసులో కునికిపాట్లు పడుతోందట, తెలుసా నీకు?"

మామయ్యకు తెలియదు. పిచ్చుక వైపు తిరిగాడు. "నిజమేనా?"

"లెక్కల క్లాసులోనే," అంది పిచ్చుక, అదేమంత తప్పు కాదన్నట్టు.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "నిజమే మేడమ్, తప్పు నాదే. కానీ దీన్ని తీసుకెళ్లిపోతే ఈ ఇంట్లో నాకు ముద్ద దిగదు."

"నాకు మాత్రం దిగుతోందా?" అంది నానమ్మ. "నా కొడుకు నవ్వు దీని మొహంలోనేగా మిగిలింది!"

అధికారిణి ఇద్దరినీ చూసింది. "కోర్టు చూసేది మీలో ఎవరి హక్కు ఎక్కువని కాదండీ. పాపకు ఏది మంచిదని." పిచ్చుకను దగ్గరికి తీసుకుంది. "నువ్వు చెప్పమ్మా, భయం లేకుండా."

"మామయ్య దగ్గరే ఉంటాను. నానమ్మ కూడా ఇక్కడే ఉంటే పొద్దెక్కేదాకా పడుకుంటాను. అక్కడ నానమ్మ ఒక్కతే మేడమ్. టీవీలో వార్తలు చదివేవాళ్లకి కూడా జవాబు చెబుతుంది!"

నానమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లు నిండిపోయాయి. ఈవిడ తనను ఓడించడానికే వస్తోందని మామయ్య ఇన్నాళ్లూ పళ్లు కొరుక్కున్నాడు. ఆమె కూడా తనలాగే ఖాళీ ఇంటికి భయపడుతోందని ఆ క్షణానే తట్టింది.

"అత్తయ్యగారూ, ముందు గది ఖాళీగానే ఉంది. వచ్చేయండి."

"నీ పంచన పడి ఉండటానికా?"

"కాదు, నా మీద అజమాయిషీ చెయ్యడానికి."

నానమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అదైతే బాగా చేస్తాను," అనేసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు పిచ్చుక ఎగిరి ఆమె ఒళ్లో పడింది.

తర్వాతి వాయిదాకు ఇద్దరూ ఒకే ఆటోలో కోర్టుకు వెళ్లారు, మధ్యలో పిచ్చుక. అధికారిణి నివేదిక చదివి, ఇద్దరి సమ్మతీ విని, జడ్జిగారు వాళ్లను ఉమ్మడి సంరక్షకులుగా నియమించారు.

పిచ్చుక చెయ్యెత్తింది. "మరి నేను ఎవరి మాట వినాలండీ?"

"ఇద్దరి మాటా వినాలమ్మా," అన్నారు జడ్జిగారు.

పిచ్చుక మొహం చిన్నబోయింది.

"విన్నావా!" అన్నారు మామయ్యా నానమ్మా ఒక్కసారే.

ఇన్నాళ్లలో వాళ్లిద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు. కోర్టు హాలంతా గొల్లున నవ్వింది.