రుమికాంచా దగ్గర కళ్ళు మూసుకున్నాను

సాయంత్రం. వడగళ్ళు ఆగిపోయి సన్నగా మంచు పడుతోంది.

రుమికాంచా దాటడానికి అది మంచి వేళ కాదు. అసలు దానికి మంచి వేళంటూ లేదు.

ఆయకూచో పట్నం నుంచి వచ్చే బస్సు దిగి మా ఊరికి నడిచే దారిలో, కనుమ మీద ఉంటుందది. రాళ్ళు పేర్చి కట్టిన గొర్రెల దొడ్డి. ఎవరిదో, ఎప్పటిదో. ఇప్పుడందులోకి మందని తోలేవాళ్ళు లేరు. తోలినా పోవు — దొడ్డి వాకిట్లోనే మొరాయిస్తాయి. మా కొండల్లో పిడుగు పడిందంటే అక్కడే పడుతుంది. పిడుగుకి పోయినవాళ్ళని పోయినచోటే పాతిపెట్టడం మా ఆనవాయితీ. ఆ గోడ కింద ఎంతమంది ఉన్నారో చెప్పగలిగిన ముసలివాళ్ళు కూడా పోయారు. పొద్దుగూకాక అక్కడ ఎవరో ముడుచుకుని కూర్చుని ఉంటారంటారు. దగ్గరికి పోతే లేచి వెంట వస్తారంటారు...

నేను నమ్మానని కాదు. నమ్మలేదనీ కాదు. అక్కడికొచ్చేసరికి నడక పెంచేదాన్ని, అంతే.

ఆ రోజు సంత నుంచి నలుగురం వస్తున్నాం. నేను, మా ఆయన యుసేబియో, మాతోనే ఉండే ఆయన అక్క తొమాసా, మా అమ్మాయి నెలిదా. మూటలు మోసే గాడిద ఒకటి. నెలిదాకి పదహారేళ్ళు. అందరికంటే ముందు నడుస్తోంది.

"ఏమే, అంత పరుగెందుకు?" వెనకనుంచి తొమాసా వదిన కేకేసింది. "కొత్త టోపీ తడుస్తుందనా? దాన్ని మెచ్చుకున్న బస్సు కండక్టరు ఇక్కడ లేడులే."

"నీ మోకాళ్ళు నడవనంటే నా టోపీ మీద పడతావేం అత్తా?" అంది నెలిదా, తిరక్కుండానే.

మా ఆయన నవ్వాడు.

ఆ నవ్వు పూర్తి కాలేదు.

తెలుపు — అంతా తెలుపు. చప్పుడు ముందొచ్చిందో, తర్వాతొచ్చిందో... నేను మోకాళ్ళ మీద ఉన్నాను. నోట్లో ఇనుము రుచి. దారి మధ్యలో టోపీ పొగలు కక్కుతోంది. దాని కింద నెలిదా లేదు. పిల్ల కోసం దొడ్డి వైపు తల తిప్పబోయాను.

వదిన రెండు చేతులతో నా తల పట్టుకుని ఇటు తిప్పేసింది.

"చూడకు."

"వదినా, నా పిల్ల—"

"అందుకే చూడకంటున్నాను. చూశావో, ఇక లేవదు."

మాలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. మొదటి పిడుగు మనిషిని చంపుతుంది. రెండోది ముక్కలు చేస్తుంది. మూడోది ఆ ముక్కల్ని అతికించి లేపుతుంది. అయితే ఆ మూడూ అయ్యేదాకా పడ్డ మనిషి మీద ఎవరి కన్నూ పడకూడదు. వదిన వాళ్ళ తాత అలాగే లేచాడట. లేచి, బతికినన్నాళ్ళూ ఊరికి వైద్యం చేశాడట.

ముగ్గురం దొడ్డికి వీపు పెట్టి నిలబడ్డాం.

రెండోది ఎదుటి కొండ మీద పడింది. నేల అదిరింది.

"రెండు," వదిన గొణిగింది.

ఆ తర్వాత... ఏమీ లేదు. మంచు పడుతున్న చప్పుడు. గాడిద ముక్కు చీదుతున్న చప్పుడు. వెనకనుంచి ఒక్క మూలుగు కూడా లేదు.

"అక్కా, ఇంకా ఎంతసేపు?" మా ఆయన అడిగాడు.

"వస్తుంది."

"మబ్బు విడిపోతోందక్కా."

"వస్తుందన్నానా. నోరు మూసుకో."

నాకు ఎందుకో మా మంద గుర్తొచ్చింది. చలికాలంలో పుట్టిన గొర్రెపిల్ల కదలకుండా పడుంటే మేం ఉరుము కోసం ఆగం. మూతి తుడిచి, ముక్కులోకి ఊపిరి ఊది, డొక్క రుద్దుతాం. సగానికి సగం లేస్తాయి. ఆగితే ఒక్కటీ లేవదు.

వదిన మాట తోసెయ్యడానికి ధైర్యం చాల్లేదు. పిల్లని వదిలెయ్యడానికీ చాల్లేదు.

కళ్ళు మూసుకున్నాను. వెనక్కి, వెనక్కి నడిచాను. పాదానికి పావడా తగిలింది. కూర్చుని తిరిగాను — కళ్ళు తెరవలేదు. చేతులతో వెతికాను. తడి మట్టి. కాలిన జుట్టు వాసన. భుజం. మెడ. ముఖం.

నోరు మూసిపట్టి ముక్కులోకి ఊదాను. గుండె మీద రుద్దాను. మళ్ళీ ఊదాను.

నా చేతి పక్కన ఇంకో చెయ్యి ఉంది.

వదిన మనసు మార్చుకుని వచ్చిందనుకున్నాను. గట్టి చెయ్యి, అరచేయంతా కాయలు. బాగా చల్లగా ఉంది. మంచులో నిలబడ్డ చెయ్యి చల్లగా ఉండక ఏమవుతుంది? నేను రుద్దితే అదీ రుద్దింది. నేను ఆపితే ఆపింది.

పిల్ల ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. గొంతులో గురగుర... దగ్గు...

అప్పుడు తెరిచాను కళ్ళు. ఆ రెండో చెయ్యి అప్పటికే పక్కన లేదు; వదిన లేచి పోయిందనుకున్నాను.

మూడో పిడుగు రానేలేదు.

నెలిదాని గాడిద మీద ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. మెడ నుంచి నడుము దాకా చెట్టు వేర్లలాగా ఎర్రటి గీతలు. అవి తగ్గాయి. కళ్ళు మాత్రం మసకబారాయి. నర్సు వచ్చి టార్చి వేసి చూసింది. పిడుగు దెబ్బకి ఇలా పొర కమ్ముతుందనీ, పట్నంలో కోసి తీసేస్తారనీ చెప్పింది. నాకు గుండె కుదుటపడింది. దానికి పేరుంది, మందుంది. ఇంకేం కావాలి?

గీతలు మానాక ఒక సాయంత్రం పొయ్యి దగ్గర దానికి సూప్ ఇచ్చాను. వదిన ఆలుగడ్డలు ఒలుస్తోంది. నెలిదా తనంతట తనే మొదలుపెట్టింది.

"పడ్డాక నేను పైన ఉన్నానమ్మా."

"ఎక్కడ పైన?"

"గోడకంటే పైన. కింద నేను పడి ఉన్నాను. పావడా రంగు బట్టి పోల్చుకున్నాను. సరిగా కనబడలేదు... జున్ను తీశాక మిగిలే తేట లేదూ, దాన్లోంచి చూస్తున్నట్టు. దేనికీ అంచుల్లేవు. ఇప్పుడీ కళ్ళకి కనబడేదే నయం."

"పడుకో. మాట్లాడకు."

"మీరు ముగ్గురూ కనబడ్డారు. మీకు ముఖాల్లేవు. ముఖం ఉండాల్సిన చోట నల్లగా జుట్టు. భయమేసింది."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు తర్వాత అదే మొదటి నవ్వు.

"మేం వీపు పెట్టి నిలబడ్డామే పిచ్చిదానా. మీ అత్త చూడనిస్తేగా."

"అదా..." అంది. చెంచాతో సూప్ కలిపింది. "మరి నాలుగో ఆమె అటు తిరగలేదేం?"

పొయ్యిలో పిడక విరిగిపడింది.

"అది నేనే," అన్నాను. "నేనే నీ దగ్గరికొచ్చింది. నేనే ఊదింది."

"నువ్వు తర్వాతొచ్చావు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ. అప్పటికే ఆమె నా ముఖం మీద వంగి ఉంది."

నేను వెనక్కి నడిచిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చూసినవాళ్ళూ లేరు.

వదిన వైపు తిరిగాను. గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకున్నాను.

"వదినా, ఆ రోజు నువ్వూ వచ్చి చెయ్యేశావుగా."

"నేనా?" కత్తి ఆపకుండానే అంది. "మీ ఆయన తిరగబోతుంటే టోపీ ముఖం మీదికి లాగి, రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాను. పిల్ల దగ్గేదాకా వదిలితే ఒట్టు. అడుగు, వాణ్ణే అడుగు. నా గోళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి వాడికి."

నేను ఎవర్నీ అడగలేదు.

"ముఖం ఎలా ఉంది?" అన్నాను నెలిదాతో, మెల్లిగా.

"కనబడలేదు. ముఖం ఉందని తెలిసింది, అంతే."

"ఏమన్నా అందా?"

"చలేస్తోందంది. చాన్నాళ్ళుగా చలిలోనే ఉన్నానంది. మీ ఇంటికి వెళ్దామా అంది."

"నువ్వేమన్నావు?"

చెంచా గిన్నెలో పెట్టింది. ఆ మసక కళ్ళు నా వైపు తిప్పింది.

"నన్ను అడగలేదమ్మా. నేను పైన ఉన్నానుగా. కింద పడున్నదాన్ని అడిగింది... అది తలూపింది."

వదిన కత్తి ఆగింది.

ఆ మాట తర్వాత నెలిదా మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. అన్నం తింటుంది. గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తుంది. వదినతో పోట్లాడుతుంది. పొయ్యి పక్కనుంచి మాత్రం లేవదు. ఎంత కాచుకున్నా చలి తీరదంటుంది. ఒకే ఒక్కసారి కళ్ళు తెరిచి ఉంటే, ఆ ఊపిరి ఎవరి నోట్లోంచి పోయిందో నాకు తెలిసేది. తెరిచి ఉంటే ఇవాళ పిల్లే ఉండేది కాదేమో. అదీ తెలీదు.

రోజూ తలుపు గడియ పెట్టాక లెక్కపెట్టుకుంటాను. యుసేబియో వచ్చాడు. వదిన వచ్చింది. గాడిద వచ్చింది. నేను వచ్చాను. నెలిదా ఒళ్ళు వచ్చింది. ఊపిరి వచ్చింది...

అక్కడ ఆగిపోతాను.

చీకట్లో పొయ్యి పక్కనుంచి "అమ్మా" అని వినబడుతుంది. ఊఁ అంటాను. మళ్ళీ యుసేబియో నుంచి మొదలుపెడతాను.