నంగనాచి ఎవరు?

“పని పోతే పోయింది. నంగనాచి అన్న మాట మాత్రం నేను పడను!” అంది గడియారాలు బాగుచేసే అమ్మాయి, డిటెక్టివ్‌గారి గుమ్మంలోనే నిలబడి.

కూర్చోమన్నా కూర్చోలేదు. ఎవరిదో తాతలనాటి జేబుగడియారం బాగుచేసి సోమవారం షాపు బీరువాలో పెట్టిందట. శుక్రవారం చూస్తే లోపలి యంత్రం మాయమై, చవకరకంది ఉంది. నాకు తెలీదన్నందుకు యజమాని అందరి ముందూ అంత మాటన్నాడు.

“పదవోయ్,” అన్నారు డిటెక్టివ్‌గారు. ఆవిడ అలా లేచారంటే ఎవడికో మూడిందన్నమాటే అనుకుంటూ అసిస్టెంటు వెంట నడిచాడు.

షాపులో విప్పి ఉన్న గడియారాల మూతలను ఆవిడ భూతద్దంతో చూశారు. “ఈ గీతలేమిటండీ?”

“మా పద్ధతి. విప్పినవాళ్లు మూత లోపల తేదీ, తమ గుర్తు గీకాలి. నాది చంద్రవంక, ఆ అమ్మాయిది చుక్క, మా బావమరిదిది త్రికోణం,” అన్నాడు యజమాని. “వాడిప్పుడు కౌంటర్లోనే. పనిముట్టు వదిలేసి మూడేళ్లయింది.”

డిటెక్టివ్‌గారు జేబుగడియారాన్ని చూపించారు. “దీన్ని విప్పావామ్మా?”

“విప్పాను. బాగుచేశాను. మూశాను.”

“నువ్వు, బాబూ?”

“నేను బావగారి ఉప్పు తిన్నవాణ్ణండీ,” అన్నాడు బావమరిది.

“విప్పావా?”

“కౌంటర్ వదిలి కదిలే తీరికెక్కడిదండీ నాకు!”

“అడిగింది అది కాదే!” అని అసిస్టెంటు గొణిగాడు.

ఆవిడ పనివాళ్లందరినీ పిలిచి, భూతద్దం యజమాని చేతికిచ్చారు. మూత లోపల సోమవారం తేదీతో చుక్క. దాని కింద బుధవారం తేదీతో త్రికోణం.

“యంత్రం చూశాను గానీ మూత చూడలేదు!” యజమాని నోరెళ్లబెట్టాడు.

“దొంగతనానికి విప్పినా చెయ్యి అలవాటు మానలేదు,” అన్నారు డిటెక్టివ్‌గారు. “నంగనాచి అంటే తెలియంది తెలీదనేవాళ్లు కారండీ. నోరారా మాట్లాడుతూ, అడిగినదొక్కటే మింగేసేవాళ్లు.”

బావమరిది ముఖం మాడిపోయింది. సంచిలోంచి యంత్రం తీసి బల్లమీద పెట్టాడు.

“పోనీలేమ్మా, ఏదో కోపంలో అన్నాను. రేపు పనిలోకి రా,” అన్నాడు యజమాని మెల్లగా.

“వస్తాను. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. వీళ్లందరి ముందే అన్నారుగా, వీళ్లందరికీ వినపడాలి.”

యజమాని నేలచూపులు చూస్తూ, “తప్పయిందమ్మా...” అని గొణిగాడు.

“ఆ రోజు అన్నంత గట్టిగా,” అంది ఆ అమ్మాయి.