పంపినవారి పేరు

మిట్టమధ్యాహ్నం. ఆళ్లగడ్డ దగ్గరి విత్తనాల కంపెనీ ఆఫీసులో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. అక్కడ పనిచేస్తూ చనిపోయిన కూతురు దీవెన చున్నీ, టిఫిను డబ్బా తీసుకుపోదామని నంద్యాల నుంచి వచ్చింది సుగుణమ్మ. తీసుకుంది. పోలేదు. దీవెన కుర్చీలోనే కూర్చుంది.

పత్తి విత్తనాలకు పురుగు పట్టకుండా మందు బిళ్ళలు పెట్టి గోడౌను మూసేస్తారు. ఆ విషపు గాలి పోయేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆరోజు దీవెన కంప్యూటరుకు మేనేజరు రంగనాథం పేరుతో మెసేజి వచ్చింది. "గాలి పోయింది. లోపలికి పోయి మూటలు చూడు." పిల్ల పోయింది. శవమై వచ్చింది.

"నేను పంపలేదమ్మా," అన్నాడు రంగనాథం.

"మరి నీ పేరెట్లొచ్చె?"

కంప్యూటర్లు బాగుచేసే నతానియేలు తలొంచుకున్నాడు. "ఇది పాతకాలం మెసేజిల ఏర్పాటక్కా. పంపేటోడు ఏ పేరు కొడితే ఆ పేరే పోతాది. నువ్వెవరని అడగదు. సార్ పేరు పెడితేనే పని బేగా అయితాదని ఈడ అందరూ అట్లనే పంపుతారు."

సుగుణమ్మ లేచింది. "అందరూ ఒక్కడి పేరు తొడుక్కొని తిరుగుతాండారా? నా బిడ్డను సంపిందెవురో మీకు తెల్దా? పేరు చెప్పండి. చెప్పేదాకా కదల్ను."

రంగనాథం దీవెన కంప్యూటరు వైపు వేలు చూపించాడు.

"ముందా దరిద్రాన్ని పీకెయ్ రా," విసుక్కున్నాడు రంగనాథం. నతానియేలు కంప్యూటరు కరెంటు వైరు లాగేశాడు.

టింగ్...

తెర మీద మెసేజి. పంపినవారు: దీవెన.

"మా, ఈడ చీకటి."

వెల్లుల్లి కుళ్ళిన వాసన గుప్పుమంది. గోడౌనులో పెట్టే ఆ మందు బిళ్ళల వాసన.

సుగుణమ్మకు ఒళ్ళు మండింది. "సచ్చినాక గూడా నా బిడ్డ పేరు వాడతావా? ఎవుర్రా నువ్వు?" అరచేత్తో తెర మీద చరిచింది.

"అక్కా... వైరు నా చేతిలోనే ఉండాది," గుసగుసలాడాడు నతానియేలు.

టింగ్...

పంపినవారు: సుగుణమ్మ.

ఆమె ఏ మీటా నొక్కలేదు. నొక్కడం రాదు.

"పాపా, గడియ తీ. లోపలికి వస్తాండా."

అవతల, మూసి ఉన్న గోడౌను లోపలి నుంచి ఇనుప గడియ కదిలిన చప్పుడు. నిదానంగా... కిర్రు... కిర్రు...

"ఆ తలుపుకు లోపలిపక్క గడియే లేదక్కా... పోవద్దు," అన్నాడు నతానియేలు.

సుగుణమ్మ అప్పటికే ఆఫీసు గడప దాటింది.