మూఢం దాటాక కొందామన్న బండి

"ఏసీ కోసం వచ్చిండ్రా సార్, బండి కోసమా?"

షోరూం అద్దాల తలుపు తోసుకుని వచ్చిన హరికృష్ణ అక్కడే ఆగిపోయాడు. అడిగిన అమ్మాయి నవ్వడం లేదు. మెడలో వేలాడుతున్న కార్డు మీద తేజస్వి అని ఉంది.

"రెండిటికి," అన్నాడు. "ముందు ఏసీ. తర్వాత బండి."

"మొన్న సోమవారం కూడ ఇట్లనే అన్నరంట. వాచ్‌మన్ చెప్పిండు. మంచినీళ్లు తాగి, బ్రోచర్ తోని ఇసురుకొని పోయిండ్రంట."

"బ్రోచర్ మంచిగుంది మేడం. గాలి బాగ వస్తది."

తేజస్వి పెదవి బిగబట్టింది, నవ్వు బయటికి రాకుండా. ఆ బిగబట్టిన పెదవి దగ్గరే హరికృష్ణ చూపు కాసేపు ఆగింది.

అతను చెప్పింది అబద్ధం కాదు. రోడ్డుకు అవతల దవాఖాన ఉంది. అందులో అతని తల్లి చిలుకమ్మకు డయాలిసిస్. సోమవారం, గురువారం మరిపెడ దగ్గరి పల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి హనుమకొండకు వస్తారు. తల్లిని మిషన్ దగ్గర పడుకోబెట్టాక ఆ నాలుగు గంటలు కొడుకును లోపల ఉండనివ్వరు. బయట ఎండ. ఎదురుగా ఈ షోరూం.

బండి అవసరమూ నిజమే. మిషన్ మీద నుంచి లేచాక చిలుకమ్మకు తల నిలవదు. వర్ధన్నపేట, తొర్రూరు దాటి ఇల్లు చేరేదాకా బస్సు సీటు ముందున్న ఇనుప కడ్డీకి నుదురు ఆనించి కూర్చుంటుంది.

"పెద్ద కారు తీస్కుందామంటే మిర్చి బస్తాలు ఎట్ల మోస్త?" అన్నాడు హరికృష్ణ. "పికప్ తీస్కుందామంటే అమ్మ ఎట్ల పండుకుంటది? రెండు కొనేటంత లేదు. చెప్పుండ్రి మేడం, ఏది తీస్కోవాలె?"

తేజస్వి ముఖంలోని వేళాకోళం పోయింది. "రండి, రెండూ చూపిస్త," అంది.

ఆ రోజు మొదలైంది పోల్చడం. డబుల్ క్యాబిన్ పికప్‌లో ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కూర్చోవచ్చు, ఆ వెనక బస్తాలు వేసుకోవచ్చు. కాని వెనక సీటు నిటారుగా ఉంటుంది, వాలదు. బరువు లేనప్పుడు వెనక చక్రాల మీది స్ప్రింగు పట్టీలు గుంత గుంతకూ ఎగరేస్తాయి. ఏడు సీట్ల కారులో నడిమి సీటు వెనక్కి వాలుతుంది, కుదుపు తెలియదు. చివరి సీటు మడిచినా పట్టే బస్తాలు తక్కువ, పైగా మిర్చి ఘాటు బండిలోంచి పోదు.

"ఘాటుకు అమ్మ తుమ్ముతది," అన్నాడు హరికృష్ణ.

"మీరు తుమ్మరా?"

"నేను మిర్చి చేన్లనే పుట్టిన మేడం."

"అందుకేనా మాటలు గట్ల మండుతయ్?"

సోమవారం ఇంజన్ గురించి అడిగేవాడు. గురువారం టైర్ల గురించి. అన్నీ అయిపోయాక రంగుల గురించి. ఎరుపా తెలుపా అని అతను అడిగిన రోజు తేజస్వికి అర్థమైంది, ఇతను ఇక బండిని చూడటం లేదని. ఆమె కూడా తొందరపెట్టలేదు. మళ్లీ రావడానికి ఒక ప్రశ్న మిగిలి ఉండేటట్టుగానే జవాబులు చెప్పసాగింది.

చిలుకమ్మకు కొడుకు సంగతి తెలియకపోలేదు.

"బర్రెను కొన్నప్పుడు ఒక్క పూటల బేరం చేస్తివి. బండికి ఇన్ని రోజులేందిరా? నాకు జర సూపియ్యి."

"బండినా?"

"బండిని సూస్త. సూపెట్టే పిల్లను గూడ సూస్త."

ఆ గురువారం తేజస్వి రెండు బండ్లనూ దవాఖాన గేటు దగ్గరికి తెప్పించింది. సన్నగా వాన పడుతోంది. ముందు పికప్. చిలుకమ్మ కాలు మెట్టు దాకా లేవలేదు. తేజస్వి పరుగెత్తి వెళ్లి నర్సుల దగ్గర స్టూలు తెచ్చి వేసింది. వెనక నుంచి రెండు చేతులా పట్టి ఎక్కించింది.

"ఇది బండా బిడ్డా, మంచెనా?" అంది చిలుకమ్మ ఆయాసపడుతూ. "ఈడ కూసుంటె పిట్టల కొట్టొచ్చు."

ముగ్గురూ నవ్వారు. తర్వాత కారు ఎక్కించి సీటు వాల్చారు. స్టీరింగ్ దగ్గర తేజస్వే కూర్చుంది. అద్దాల మీద వాన చారలు. చిలుకమ్మ కళ్లు మూసుకుంది. బస్‌స్టాండు వచ్చేదాకా తెరవలేదు. హరికృష్ణ ముందు అద్దంలో తల్లి ముఖం చూశాడు, దాని పక్కనే తేజస్వి కళ్లు చూశాడు. ఆ దారి అంత చిన్నదని అతనికి అంతకుముందు తెలియదు.

"పికప్పే తీస్కో," అంది చిలుకమ్మ దిగాక. "నేనెన్ని దినాలుంట? బస్తాలు ఎప్పటికుంటయ్."

"ఊకో అమ్మా. కారే."

"సరె, కారే తియ్యి. కాని ఎల్లుండి నుంచి మూఢం. మూఢంల కొత్త బండి గడప ముందుకు తేవద్దు. అది దాటినంక పూజ చేపిచ్చి తెద్దాం."

"ఇన్ని రోజులు తిరిగినం, ఇంకొన్ని రోజులు బస్సు మీద తిరుగుతం," అన్నాడు హరికృష్ణ. మూఢం దాటేదాకా షోరూంకు రావచ్చు అన్న సంతోషం కూడా ఆ మాటలో ఉంది.

సోమవారం ఆ మాటే తేజస్వికి చెప్పాడు. ఆమె సంతోషించలేదు.

"ఆగకండి. ఈ వారమే తీసుకోండి."

"అమ్మ ఒప్పుకోదు."

"ఒప్పించండి. మూఢం, గీఢం ఏం చూడకండి. బుకింగ్ ఈ రోజే చెయ్యండి, రెండు రోజుల్ల బండి ఇప్పిస్త."

అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. హరికృష్ణ తెల్లబోయి చూస్తుండగా వెనక నుంచి మేనేజర్ శ్యాంసుందర్ గొంతు వినిపించింది.

"తేజస్వీ, నెల అయిపోవస్తాంది. నీ పేరు మీద ఇంకా ఒక్క బండి పోలేదు. ఇట్లయితే నేను పైకి ఏం చెప్పాలె?"

హరికృష్ణ మెల్లగా లేచాడు.

"గిందుకా మేడం తొందర?"

"అది కాదు..."

"స్టూలు తెచ్చుడు, చేతులు పట్టుకొని ఎక్కిచ్చుడు, అంత గిందుకేనా? మా అమ్మ రోగం మీ టార్గెట్‌కు పనికొచ్చిందన్నట్టు."

తేజస్వి ముఖం పాలిపోయింది. చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది. కాని ఆ మాట చెప్పలేనిది. అభిమానం అడ్డం పడి మరో మాట పైకి వచ్చింది.

"అవును సార్. మీరు అనుకున్నదే నిజం."

అతను తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట తక్కువ మాట్లాడి ఉంటే ఏమయ్యేదో! విడిపోయేవాళ్లకు ఆ తెలివి అప్పుడు ఉండదు.

తర్వాతి గురువారం హరికృష్ణ దవాఖాన మెట్ల మీదే కూర్చున్నాడు.

"బండ్ల దుకాణానికి పోలేదేందిరా?" అంది చిలుకమ్మ బయటికి వచ్చాక.

"మూఢం గదా."

"మూఢం బండికి. పిల్లతోని మాట్లాడెటందుకు మూఢమేంది?"

అతను తలెత్తి చూశాడు. రోడ్డుకు అవతల అద్దాల వెనక తేజస్వి నిలబడి ఉంది. ఇద్దరి మధ్య వాన, బస్సులు, ఆటోలు. ఆమె చెయ్యి కాస్త లేచినట్టు అనిపించింది. సోమవారం వెళ్లి మాట్లాడదాంలే అనుకుని, తల్లిని పట్టుకుని బస్‌స్టాండుకు ఆటో ఎక్కించాడు.

బస్సులో చిలుకమ్మ ఆ రోజు ముందు కడ్డీకి తల ఆనించలేదు. కొడుకు భుజం మీద పెట్టుకుంది. వర్ధన్నపేట దాటాక, "వాన ఆగిందారా?" అని అడిగింది. ఆగలేదమ్మా అన్నాడు. నిద్ర పట్టిందనుకుని కదలకుండా కూర్చున్నాడు. తొర్రూరు వచ్చింది, పోయింది. భుజం తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు.

మరిపెడలో బస్సు ఆగింది.

"అమ్మా, దిగుదాం లే."

కండక్టర్ రెండుసార్లు కేకేశాడు. హరికృష్ణ ఇంకా, "లే అమ్మా, మన ఊరొచ్చింది," అంటూనే ఉన్నాడు.

సోమవారం అతను రాలేదు. గురువారమూ రాలేదు. తేజస్వి దవాఖానకు వెళ్లి నర్సును అడిగింది. విన్నాక అక్కడి బల్ల మీద చాలాసేపు కూర్చుంది. మరుసటి రోజు సెలవు పెట్టి, నర్సు చెప్పిన ఊరికి బస్సెక్కింది.

ఇంటి ముందు చిలుకమ్మ చెల్లెలు సోమక్క ఎదురైంది.

"ఎవరు బిడ్డా నువ్వు?"

"హనుమకొండ నుంచి వచ్చిన పెద్దమ్మా. బండ్ల షోరూంల చేస్త."

"అయ్యో తల్లీ! మట్టి తడి ఆరలే, అప్పుడే బండి అమ్మనీకి వస్తివా?"

లోపల్నుంచి హరికృష్ణ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. "చిన్నమ్మా, ఆమెను అనకు," అన్నాడు. "అమ్మను చూడనీకి వచ్చింది."

తేజస్వి చిలుకమ్మ ఫొటో ముందు కాసేపు నిలబడింది. తిరిగి వెళ్తుంటే హరికృష్ణ బస్సు ఆగే చోటు దాకా తోడు నడిచాడు.

"ఇగ పోల్చే పని లేదు," అన్నాడతను. "వాలే సీటు ఎవ్వరికి అక్కర లేదు. పికప్ తీస్కోవచ్చు. ఎంత సులువుగ తేలిపోయిందో చూడుండ్రి." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆ రోజు నేను ఎందుకు తొందరపెట్టిన్నో అడగరా?"

"అమ్మ కోసమే. నాకు తెల్సింది. ఇప్పుడు తెల్సింది."

"రెండిటి కోసం. మీ ముందు అబద్ధం చెప్ప. నౌకరి పోతదేమోనని భయముండె. కాని అమ్మను స్టూలు మీదికెల్లి ఎక్కిచ్చిన చూడండి, అప్పుడు నా చేతులకు ఆమె బరువే తెల్వలే. చిన్న పిల్ల లెక్కుంది. ఈమె మూఢం దాటదనిపిచ్చింది. ఆ మాట మీతోని ఏ నోటితోని అనాలె?"

హరికృష్ణ నడక ఆపాడు.

"అన్నా కూడ నేను వినకపోదును," అన్నాడు. "మూఢం దాటితే అంత మంచిగైతదనుకున్న. అమ్మకు బండి. నాకు..." ఆగాడు. "ఇప్పుడు ఏడాది దాకా ఇంట్ల ఏ మంచి పని చెయ్యద్దంటున్నరు పెద్దోళ్లు. బండి లేదు. ఇంకోటి కూడ లేదు."

"ఇంకోటి అంటే?"

"మీ నాన్నను వచ్చి అడుగుడు."

తేజస్వి తల వంచుకుంది. వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే తండ్రి రామలింగానికి ఆమె పొద్దునే అంతా చెప్పింది. ఆయన తక్కెడ పక్కన పెట్టి ఒకే మాట అన్నాడు. ఆ మాటే ఇప్పుడు హరికృష్ణకు చెప్పింది.

"'తల్లి పోయిన పిలగాడు, ఒక్కన్ని చెయ్యకు బిడ్డా' అన్నడు మా నాన్న. అడుగుడు ఏడాదికి అడుగుండ్రి. అప్పటిదాక ఆదివారం ఆదివారం నేనే వస్త. బువ్వ తిన్నరో లేదో చూసి పోత."

"బస్సుల అంత దూరం?"

"అమ్మ రాలేదా?"

దూరంగా తొర్రూరు వైపు వెళ్లే బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తల బయట పెట్టి, "వస్తవా బిడ్డా?" అని అరిచాడు. తేజస్వి ఒక అడుగు వేసింది. వెనక్కి తిరిగి చూసింది. హరికృష్ణ పెదవులు అదురుతున్నాయి.

"నువ్వు పోనియ్యి అన్నా," అంది కండక్టర్‌తో. "నేను వెనక బస్సుకు వస్త."

బస్సు కదిలింది. ఇల్లంతా చుట్టాలు కూర్చుని ఏడుస్తున్నప్పుడు రాని ఏడుపు హరికృష్ణకు ఆ రోడ్డు మీద వచ్చింది. తేజస్వి వద్దనలేదు. అతని పక్కనే నిలబడి, చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి పట్టుకుంది. అతను తాగే దాకా అట్లాగే పట్టుకుని ఉంది.