ఏడు రాత్రుల గుండీలు

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, టైలరు పని మానేసిన ఆ పెద్దాయన భోజనాల బల్ల దగ్గర బుద్ధిగా రాసుకుంటున్నాడు. ప్రోస్టేట్ వాపుకి ఆసుపత్రిలో కొత్త మాత్ర ఒకటి పరీక్షిస్తున్నారు. అందులో చేరినవాళ్ళు మూత్రానికి ఎప్పుడు వెళ్ళిందీ, ఎంత వచ్చిందీ, రాత్రి ఎన్నిసార్లు లేచిందీ వారం పాటు కొలిచి డైరీలో రాయాలి. ఈ రోజు పది గంటలకి అది డాక్టరుకి చూపించాలి.

కూతురు కాఫీ కప్పుతో వెనకనుంచి తొంగి చూసి అక్కడే ఆగిపోయింది. అదే ఆసుపత్రిలో ఇలాంటి డైరీలు సరిచూడటమే ఆమె ఉద్యోగం. తండ్రి కాగితాలు ఆమె ముట్టుకోకూడదని నియమం ఉంది. ముట్టుకోవాల్సిన పనేముంది, దూరం నుంచే తెలుస్తోంది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒకటే సిరా, ఒకటే వంపు. ప్రతిసారీ సరిగ్గా రెండువందల మిల్లీలీటర్లు. రాత్రి ఒక్కసారే లేచాడట.

"నాన్నా, వారమంతా ఇప్పుడే రాసేస్తున్నావు కదూ?"

మూత్రం కొలిచే జాడీ ఎక్కడో పెట్టి మరిచిపోయానన్నాడు. కాసేపటికి, నలభై ఏళ్ళు కత్తెర పట్టినవాడికి కంటి కొలత చాలదా అన్నాడు. ఆ మాటతో కూతురికి ఒళ్ళు మండింది.

"ఎవరి నడుమైనా అందాజుగా రాసుకున్నావా ఎప్పుడైనా? అరంగుళం తేడా వస్తే గుడ్డ పాడవుతుందనేవాడివి. ఇక్కడ పాడయ్యేది నీ కిడ్నీలు."

మూత్రం లోపలే నిలిచిపోతే కిడ్నీలు వాస్తాయనీ, మాత్ర పనిచేయకపోతే ఆపి ఆపరేషన్ చేస్తారనీ, అది ముందుగా తెలిసేది ఈ డైరీతోనేననీ చెప్పింది. ఈ రాతలు నమ్మి రేపు ఇంకెంతమందికో అదే మాత్ర ఇస్తారని కూడా చెప్పింది.

ఆయన పెన్ను మూత బిగించి పక్కన పెట్టాడు.

"మొదటి నెల కొంచెం తగ్గింది తల్లీ. మీ నాన్నకి బాగా పనిచేస్తోందని పెద్ద డాక్టరు అందరి ముందూ నీతో అన్నాడట. ఎంత సంబరంగా ఇంటికొచ్చావు ఆ రోజు! తర్వాత బాగాలేదని ఎలా రాయను?"

ఆమె కోపం చప్పున చల్లారింది. రోగిని అడిగేటప్పుడు జవాబు మన నోటితో అందించకూడదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది తనే. ఇంట్లో మాత్రం రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూనే "తగ్గింది కదా నాన్నా?" అని అడిగేది. ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.

ఇంతసేపూ వంటింట్లోంచి అంతా వింటున్న అమ్మ, గుడ్డముక్కలతో కట్టిన ఏడు చిన్న మూటలు తెచ్చి బల్ల మీద పెట్టింది. విప్పితే అన్నీ చొక్కా గుండీలు. సోమవారం మూటలో అయిదు, మంగళవారానిదాంట్లో ఆరు.

"మీరు లేచినప్పుడల్లా ఒకటి వేశానండీ" అంది నెమ్మదిగా.

"నువ్వు నిద్రపోతున్నావనుకున్నానే. లైటు కూడా వేసేవాణ్ణి కాదు."

"వేయరు కాబట్టే భయం. మీరు తిరిగొచ్చి పడుకునేదాకా అడుగుల చప్పుడు వింటూ ఉండేదాన్ని. అడిగితే సిగ్గుపడతారని ఊరుకున్నాను."

ఆయన పేజీ చించబోతే కూతురు ఆపింది. ఈ డైరీల్లో తప్పు రాసిన పేజీని చించకూడదు, చెరపకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, తేదీ వేసి సంతకం చేయాలి. కుట్టు విప్పినా సూది గుర్తులు పోవుగా అని గొణుగుతూనే గీత కొట్టాడు. పక్కన "ఇవి కొలిచినవి కావు" అని రాశాడు.

పది గంటలకి డాక్టరు ఆ గీతలు చూసి, గుండీల లెక్క విని వెంటనే స్కానింగ్ చేయించాడు. అందులో రెండు కిడ్నీలూ వాయడం మొదలైనట్టు కనిపించింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. మాత్ర ఆపి, మూత్రం పోవడానికి గొట్టం వేసి, సంచీ తగిలించి, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి ఇంటికి పంపారు.

మర్నాడు ఎనిమిదైనా అమ్మ లేవలేదు. కూతురు కంగారుగా గదిలోకి వెళితే, మంచం పక్కన కుర్చీలో కూర్చున్న నాన్న వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది, అంతే.

"గొట్టం దగ్గర మంటగా ఉంది. కానీ రాత్రి లేవాల్సిన పని పడలేదు" అన్నాడు. ఒళ్ళో ఏడు మూటలూ విప్పి ఉన్నాయి. నిద్రపోతున్న భార్య వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"ముప్పై ఎనిమిది తల్లీ. రెండుసార్లు లెక్కపెట్టాను."

కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.