గీరుకునే గోడౌను

ఏ లెక్కైనా నోటితోనే తేల్చేసే లెక్కలబ్బాయి చేతిలో ఉన్నది రెండు లక్షల నలభై వేలు. ఆ డబ్బుకి ఊళ్ళో దొరికే భవనం ఒక్కటే — రాత్రయితే గోడలు గీరుకునే ఆ పాత గోడౌను.

నేల వెనకింటి పెద్దాయనది. కట్టడం మాత్రం కొన్నవాడిది. కాగితాల్లో అలాగే రాసుంది. ఆరేళ్ళలో ముగ్గురు కొన్నారట, ముగ్గురూ వచ్చినకాడికి అమ్ముకుని పారిపోయారట. నాలుగోవాడు మన లెక్కలబ్బాయి.

"దెయ్యముంది బాబూ," అని చెప్పాడట బ్రోకరు — కమిషను జేబులో వేసుకున్నాకే, పాపం.

"అద్దె అడుగుతుందా?"

"ఛ, లేదు."

"అయితే మంచి దెయ్యమే."

పుస్తకాల బైండింగు మిషను పెట్టాలని ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు. ఇది పోతే మళ్ళీ అక్క ఇంట్లో చాప, బావ ఎత్తిపొడుపులు.

మొదటి రాత్రి... గర్ర్... గర్ర్...

ఆగింది.

మళ్ళీ — గర్ర్. వెనక గోడలోంచి!

టార్చి పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. గోడ మీది తీగల చాటున తెల్లటి ఆకారం... చేతిలో ఎర్రగా ఏదో...

"ఎ... ఎవరది?"

ఆకారం దగ్గింది.

వెనకింటి పెద్దాయన! ఒక చేతిలో ఉలి, ఇంకో చేతిలో ఇటుక.

"ఇదేం పని తాతా?"

"కాగితం చదవలేదా మనవడా?" గుసగుసలాడాడు. "కట్టడం నిలబడ్డన్నాళ్ళే నీ హక్కు. నేను కూలిస్తే కేసు. దానంతటదే కూలిందనుకో... నేల ఖాళీగా నా చేతికొస్తుంది."

"రోజుకెన్ని ఇటుకలు?"

"వారానికి నాలుగే. మిగతా రోజులు నడుంనొప్పి."

"ఆరేళ్ళకి పన్నెండువందల నలభై ఎనిమిది," అన్నాడు లెక్కలబ్బాయి ఊపిరి తీసుకోకుండా. "ఏం చేశారు వాటిని?"

పెద్దాయనకి గర్వం ఆగలేదు. "పారేస్తానా? అదిగో, గది కట్టా. రేపో మాపో అద్దెకిస్తా."

టార్చి అటు తిరిగింది. ముచ్చటైన గది. తలుపూ, గడియా కూడా.

"నేల మీ సొంతమే తాతా, కాదన్నదెవరు? ఇటుకలే నావి. నేల ఒకరిది, కట్టడం ఒకరిది... మనిద్దరికీ అలవాటేగా!"

పెద్దాయన చేతిలోని ఇటుక జారి పాదం మీద పడింది. అరవడానికి లేదు — అరిస్తే ఊరంతా వచ్చి దెయ్యాన్ని చూస్తుంది.

లెక్కలబ్బాయి ఆ పొద్దున గోడౌనుకని కొన్న తాళాల జతలో మిగిలిన రెండోదాన్ని జేబులోంచి తీసి, గది తలుపు వైపు అడుగేశాడు.