దిగని డ్రైవరు

గోల్‌బజార్‌లో మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి లక్ష్మీదేవి. అక్కడ నా పని లారీలను అనుమానించడం. సరుకు ఎక్కించే ముందు బండి అసలుదో దొంగదో తేల్చాలి. నంబరు ఫోన్‌లో కొట్టి ఓనరు పేరు, ఫిట్‌నెస్ చూస్తాను. ప్లేటుదేముంది, ఎవడైనా మార్చేస్తాడు. అందుకని బండి అడుగున ఛాసిస్ ఇనుము మీద కొట్టిన నంబరుపై కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, వచ్చిన అంకెలను ఆర్.సి.తో పోల్చుకుంటాను. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆరా ఉండదని డ్రైవర్లు ఏడుస్తారు. ఏడవనీ. సరుకు పోతే మాట పడేది నేనేగా.

మా యజమాని గణపతిరావు బాబాయ్‌కి ఇంకో చాదస్తం ఉంది. డ్రైవరు కిందికి దిగి, నేల మీద నిలబడి, తన బండి నంబరు తన నోటితో చెప్పాలి. ఎందుకని అడిగితే మాట మార్చేస్తాడు.

ఆ రోజు బాబాయ్ ఊళ్ళో లేడు. పొద్దుటి నుంచి ఒకటే వాన, కరెంటు కూడా పోయింది. పార్వతీపురం వెళ్ళే బట్టల బేళ్ళకి తోడుగా మా తమ్ముడు మోహనకృష్ణ వెళ్ళాలి. చదువు అయిపోయాక వాడికి దొరికిన మొదటి పని అది. బాబాయ్‌ని బతిమాలి నేనే ఇప్పించాను.

సాయంత్రం చీకటి పడుతుండగా తలెత్తి చూస్తే లారీ గుమ్మం ముందుంది. వచ్చిన చప్పుడు మాత్రం వినలేదు.

కేబిన్ కిటికీలోంచి ఒక చెయ్యి కాగితాలు అందించింది. అంత వానలోనూ కాగితాలు పొడిగా ఉన్నాయి. చెయ్యి మాత్రం నీళ్ళలో నానిపోయినట్టు తెల్లగా ముడతలు పడి ఉంది.

"దిగి నంబరు సెప్పాల బాబూ," అన్నాను.

"దిగలేనమ్మా, ఏటనుకోకు," అన్నాడు మెల్లగా.

అచ్చం మా శ్రీకాకుళం యాస. పరాయి భాష మాట్లాడే ఈ ఊళ్ళో ఆ మాట వింటే నా మనసు వెన్నయిపోతుంది. పాపం, కాలు బాగాలేదేమో అనుకుని ఊరుకున్నాను. ఈలోగా తమ్ముడు సంచి భుజాన వేసుకుని అటువైపు నుంచి కేబిన్ ఎక్కేశాడు.

"తడిసిపోతన్నానప్పా. నానిక్కడ కూసుంటాను, నువ్వు కానీ," అని తలుపు వేసుకున్నాడు.

ఫోన్‌లో అన్నీ సరిపోయాయి. ఇక ఛాసిస్ మిగిలింది. గొడుగు మెడకింద ఇరికించుకుని ముందు చక్రం పక్కన వంగాను. కాలవ వాసన కొట్టింది. బురద, కుళ్ళిన గుర్రపుడెక్క... దారంతా నడిచొచ్చిన బండి వెచ్చగా ఉండాలి. ఇనుము వేలు పెట్టలేనంత చల్లగా ఉంది. రుద్దాను. అంకెలు తేలాయి. ఆర్.సి.లో ఉన్న అంకెలు కావు.

దొంగబండి! భయం కాదు, ఒళ్ళు మండింది. ఆఫీసులోకి వచ్చి బాబాయ్‌కి ఫోన్ చేసి అంకెలు చదవడం మొదలుపెట్టాను. సగంలో అందుకుని మిగతావి ఆయనే చెప్పేశాడు.

"నీకెలా తెలుసు బాబాయ్?"

"నా మొదటి బండమ్మా అది. జలేశ్వర్ దాటినాక కాలవలో పడిపోనాది. డ్రైవరు జగ్గారావు కేబిన్లోంచి దిగలేకపోనాడు... బండిని నానే దగ్గరుండి తుక్కుకి కోయించినాను. నీలా... బండిలో ఎవులున్నారు?"

"తమ్ముడు."

"దించీ. ముందు ఆడ్ని దించీమ్మా..."

పరిగెత్తాను. కేబిన్ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. బయట కాదు... లోపల. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. కానీ డ్రైవరునీ క్లీనరునీ కిందికి దింపడానికి రోజూ అరిచే అరుపే బయటికొచ్చింది.

"దిగండి! ఇద్దరూ దిగండి!"

తలుపు తెరుచుకుంది. తమ్ముడి చెయ్యి దొరికింది. లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. లేచేసరికి వీధి ఖాళీ.

ఆటోలో తాల్‌బగీచాలోని మా ఇల్లు చేరేదాకా వాడి చెయ్యి వదల్లేదు. తమ్ముడు దక్కాడు, అంతే చాలనుకున్నాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. అమ్మ మా అవతారాలు చూసి తిట్టి, వేడన్నం వడ్డించి, ఎవరో పిలిచినట్టుందని వీధిలోకి వెళ్ళింది.

తమ్ముడు కంచం తోసేశాడు.

"ఆకల్లేదప్పా. జలేశ్వర్ దాబాకాడ తినీసినాను కదా."

వాడు కేబిన్‌లో ఉన్నది నేను కాగితం రుద్ది ఫోన్ చేసినంతసేపే. జలేశ్వర్ చేరాలంటేనే గంటపైన పడుతుంది!

"ఆయన తిన్లేదు," వాడు గొంతు తగ్గించాడు. "ఎవులైనా పిలిస్తేగాని దిగలేడట. ఇన్నాళ్ళూ ఎవులూ పిలవలేదట... కాలవకాడికి ఎల్లేసరికి నువ్వు పిలిసినావు."

అంతలో అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏటిరా, నీతో వచ్చినాయన్ని వీధిలోనే వదిలీసినావు? కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళడిగితే సెంబుతో ఇచ్చినాను. ఏటి బురదో గానీ, ఎంత పోసుకున్నా పోవట్లేదట."

అరుగు మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్క చెంబు నీళ్ళు ఈపాటికి అయిపోవాలి. ఇంకా పడుతూనే ఉన్నాయి...